బీరువా తగువు

ప్లేస్కూలు వదిలి వెళ్లిపోయిన పిల్లాడి కాగితాలు ఎన్నాళ్లు దాచాలి? చిలకపాలెం దగ్గర హైవే పక్కన ప్లేస్కూలు నడిపే ఒకావిడకి వచ్చిన సందేహం ఇది. అంబేద్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ ఉద్యోగాల మీద వచ్చి ఎచ్చెర్లలో స్థిరపడ్డవాళ్ల పిల్లలూ, చుట్టుపక్కల ఊళ్లలో కాస్త కలిగినవాళ్ల పిల్లలూ ఆవిడ దగ్గర చేరతారు. అడ్మిషన్ ఫారాలు, ఆధార్ జెరాక్సులు, టీకా కార్డుల నకళ్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు అన్నీ కలిసి ఒక ఇనప బీరువా నిండిపోయింది. రెండోది కొనాలా, లేక పాత పేపర్ల బండికి తూచి ఇచ్చెయ్యాలా? శ్రీకాకుళం కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక వకీలుని అడిగింది. ఆ వకీలు తన సలహా ఏదో ఖాయం చేసుకునే, ఎచ్చెర్లలో ఉన్న మేనత్త దగ్గర ఆ మాట ఎత్తాడు. ఆమె అంగన్‌వాడీ టీచరుగా చేరి సూపర్‌వైజరుగా రిటైరైన మనిషి. బుడగట్లపాలెం వైపు తీరం ఊళ్లలో ఆమె గడప తొక్కని ఇల్లు లేదు. పక్కింటివాణ్ని కావడం వల్ల నేనూ అక్కడున్నాను. వాళ్లిద్దరూ ఆ రోజు అనుకున్నవి ఇవి.

అల్లుడు: నా సలహా ఒక్కటే అత్తా. పిల్లాడు ఒకటో తరగతికి వెళ్లిపోయిన వేసవిలోనే అన్నీ చింపెయ్యమంటాను. బండికి అమ్మడం కాదు, చింపి కాల్చెయ్యడం. దాచే పని అయిపోయాక దాచడమే తప్పు. ఇప్పుడు చట్టమూ ఆ మాటే అంటోంది.

మేనత్త: ఏ చట్టంరా?

అల్లుడు: డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023. దాని రూల్సు 2025 నవంబరులో వచ్చాయి. అసలు బాధ్యతలకి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు కాబట్టి 2027 మే నుంచి పట్టుకుంటాయి. ఏ పనికని వివరాలు తీసుకున్నారో ఆ పని తీరాక తుడిచెయ్యాలి. పద్దెనిమిది నిండనివాళ్లవైతే తల్లిదండ్రుల అనుమతి లేకుండా అసలు ముట్టుకోకూడదు. పిల్లల విషయంలో తప్పితే జరిమానా 200 కోట్ల దాకా ఉంది.

మేనత్త: చిలకపాలెం ప్లేస్కూలుకి 200 కోట్లా! ఆ హైవే మొత్తం అమ్మినా రాదు.

అల్లుడు: దాకా అన్నాను. ఇంకో సంగతి, అది కంప్యూటర్లో ఉన్నదానికీ, కాగితం మీద తీసుకుని తరువాత కంప్యూటర్లోకి ఎక్కించినదానికీ వర్తిస్తుంది. ఒట్టి కాగితానికి కాదు. కానీ ఇప్పుడు ఏ ఫారం కాగితం దగ్గర ఆగుతోంది? ప్రతీదీ ఫోనుతో ఫొటో తీసి వాట్సాప్‌లో పడేస్తున్నారు. ఆసుపత్రినే తీసుకో. లోపల పడుకోబెట్టి వైద్యం చేసిన రోగి రికార్డు మూడేళ్లు ఉంచితే చాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన. ఆపరేషన్ కాగితానికే మూడేళ్లయితే, రైమ్స్ నేర్చుకున్న కాగితానికి ఎన్నాళ్లు?

మేనత్త: రైమ్స్ కాగితం అంటావేటి? అందులో పుట్టిన తేదీ ఉందా లేదా? నీకు అది చిన్నదే. శ్రీకాకుళం నర్సింగ్ హోంలో పుట్టావు, మూడో నాటికి మీ నాన్న బర్త్ సర్టిఫికెట్ తెచ్చీసాడు. తీరంలో అలాగేటి? మగాళ్లు గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదకి ఎల్లిపోతారు, నెలల తరబడి రారు. 2018లో పాకిస్థానోళ్లకి చిక్కినోళ్లు మన తీరం మనుషులే కాదేటి? ఆడమనిషి పురిటికి పుట్టింటికి పోతాది, ఆ పంచాయతీలో రాయించాలా ఈ పంచాయతీలో రాయించాలా తేలక నమోదు అలా ఉండిపోతాది. బడిలో వేసే రోజొస్తాది. గుంట ఎప్పుడు పుట్టిందే అంటే, గంగమ్మ సంబరం ఎల్లిన మూడోనాడు అంటాది తల్లి. ఏ ఏటి సంబరమో సెప్పలేదు. నా సర్వే రిజిస్టరు తీస్తే తేదీ ఉంటాది. ఆ తేదీ మీదే ఎంతమందిని బడిలో ఏయించానో నాకే లెక్క లేదు.

అల్లుడు: అది చెల్లుతుంది, కాదనను. విద్యాహక్కు చట్టం కింద 2010లో వచ్చిన నమూనా నిబంధనల్లోనే ఉంది. జనన ధ్రువపత్రం లేకపోతే ఏఎన్‌ఎం రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు, అదీ లేకపోతే తల్లిదండ్రుల మాట. కానీ 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి జనన ధ్రువపత్రం ఒక్కటే ఆధారం అని జనన మరణాల నమోదు చట్టాన్ని సవరించారు. నీ రిజిస్టరు పని అయిపోయింది.

మేనత్త: మరి 2023 సెప్టెంబరులో పుట్టిన గుంటకి పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయి?

అల్లుడు: 2041లో.

మేనత్త: అయితే అప్పటిదాకా పని ఉన్నట్టే. అయినా సర్టిఫికెట్ ఉన్నంత మాత్రాన సరా? నా సర్వీసులో ఒక అమ్మాయికి పెళ్లి కుదిర్చారు. పది తప్పి ఇంట్లో కూర్చుంది. పద్దెనిమిది దాటింది మేడం, ఆధార్ సూడండి అన్నారు. ఆధార్లో పుట్టినతేదీ జనవరి ఒకటి. మన ఊళ్లలో జనవరి ఒకటిన పుట్టినోళ్లందరూ ఒకే రోజు పుట్టుంటే ఏఎన్‌ఎం ఆ రోజే చచ్చిపోయుండును. నేను పాత టీకాల రిజిస్టరు తీయించాను. బీసీజీ ఏసిన తేదీ, మూడు డీపీటీలు, తట్టు టీకా, వరసగా ఉన్నాయి. లెక్కేస్తే పిల్లకి పదహారు. ఆ పుస్తకం రాసిన నాటికి దాని పెళ్లి ఊసు ఎవరికీ లేదు. అబద్ధం రాయాల్సిన అవసరం ఎవరికుంటాది?

ఈ చివరి మాట దగ్గర వకీలు తల ఎత్తాడు. తగువు మొదలవక ముందు రాసిన కాగితాన్నే కోర్టులు ఎక్కువ నమ్ముతాయి. తగువు పుట్టాక పుట్టిన కాగితానికి విలువ తక్కువ. అత్తకి ఆ సూత్రం ఏ లా కాలేజీ చెప్పలేదు.

అల్లుడు: సరే, అంగన్‌వాడీ వేరు. ఈవిడది ప్లేస్కూలు. 2007 నాటి బాలల న్యాయ నిబంధనల్లో వయసు తేల్చడానికి మొదట చేరిన బడి ఇచ్చిన పత్రం పనికొస్తుందని రాసి, పక్కనే బ్రాకెట్లో ప్లేస్కూలు తప్ప అని పెట్టారు. 2015 చట్టంలో ఆ బ్రాకెట్ పోయింది, ఒట్టి బడి అని ఉంది. కానీ ప్లేస్కూలు కాగితం మీద నమ్మకం ఏపాటిదో ఆ బ్రాకెట్ చెప్పింది కదా.

మేనత్త: ఆ బ్రాకెట్లో అంగన్‌వాడీ ఉందా?

అల్లుడు: లేదు.

మేనత్త: అదీ.

అల్లుడు: నువ్వు మురిసిపో. ప్లేస్కూలు మాత్రం చింపెయ్యొచ్చుగా?

మేనత్త: జారుడుబల్ల మీంచి పడి మోచెయ్యి విరిగిందనుకో. ఎముక వంకరగా అతికింది. ఆ గుంట పెద్దయ్యాక పోలీసు సెలక్షన్‌కి పోతే చెయ్యి సాగలేదు, తీసీసారు. అప్పుడు ఎవర్ని అడగాలి? నువ్వు సెప్పు, నల్లకోటు.

అల్లుడు ఇక్కడ కాస్త తటపటాయించాడు. తన వాదానికి అడ్డొచ్చే చట్టం తనకే బాగా తెలియడం వకీళ్లకుండే కష్టం.

అల్లుడు: అక్కడ నువ్వు గెలిచావు. 1963 నాటి లిమిటేషన్ చట్టం ఆరో సెక్షను ప్రకారం మైనరుకి దావా గడువు పద్దెనిమిది నిండాకే మొదలవుతుంది. ఎనిమిదో సెక్షను ఆ పైన మూడేళ్లకి మించనివ్వదు. అంటే ఇరవై ఒకటి వచ్చేదాకా దావా వెయ్యొచ్చు. ఇంగ్లండు నర్సరీల్లో ప్రమాదాల రిజిస్టరు పిల్లకి ఇరవై ఒకటి వచ్చేదాకా దాచడం కూడా ఈ లెక్కనే. కాబట్టి దెబ్బల పుస్తకం ఉంచమంటాను. ఏ తేదీ, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. అది ఆవిడకీ రక్షణే. పుస్తకం లేకపోతే, మా దగ్గర పడలేదు అని ఆవిడ ఎలా చెప్పగలదు? పిల్లల మీద ఎవరైనా చెయ్యకూడని పని చేశారన్న అనుమానం వస్తే ఆ కాగితాలు ఎప్పటికీ ముట్టుకోకూడదు. తీవ్రమైన నేరాలకి కాలదోషం లేదు.

మేనత్త: మరి ఇందాక వేసవిలోనే అన్నీ కాల్చీమన్నావు.

అల్లుడు: అన్నీ అన్నాను, ఒకటి తగ్గించాను. మిగిలినవాటి సంగతి చూడు. ఆవిడ అడ్మిషన్ ఫారం నేను చదివాను. కులం, తండ్రి జీతం, సొంతిల్లా అద్దిల్లా, తల్లిదండ్రులు కలిసే ఉంటున్నారా. పేజీ తిప్పితే టీచరు రాసే గడి: కొరుకుతాడు, మొండి, నిక్కరు తడుపుతాడు, మాట రాలేదు. మూడేళ్లవాడు కొరక్క ఏం చేస్తాడు? ఆ మొండి అన్న మాట వాడికి పదిహేనేళ్లొచ్చాక కూడా బీరువాలో మొండిగానే ఉంటుంది. వాడు మారినా కాగితం మారదు. పెళ్లి సంబంధాలొచ్చే వయసుకి ఎవరో బంధువు ఆ బడిలో ఆయాగా చేరి ఆ ఫారం తీసి చదివితే? ఇది చిన్న ఊరు అత్తా, ఇక్కడ గోప్యం అంటే పోలీసుల దగ్గర దాచుకోవడం కాదు, పక్క వీధి దగ్గర దాచుకోవడం.

మేనత్త: మాట రాలేదు అన్న గడి చింపీకు. దానికోసం ఆసుపత్రి చుట్టూ తిరిగే తల్లి నాకు తెలుసు. 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని మొదలెట్టారు. డాక్టర్ల బండి ఏడాదికి రెండుసార్లు సెంటరుకొస్తాది. పుట్టు లోపాలు, జబ్బులు, పోషకాల లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలు సూస్తారు. గుంటకి చెవుడని ఎప్పుడు తెలిసింది, ఎప్పుడు మాట మొదలయింది, ఎక్కడికి పంపారు, ఇవన్నీ తరువాత డాక్టరు అడుగుతాడు, వికలాంగుల సర్టిఫికెట్ దగ్గర అడుగుతారు. తల్లికి గుర్తుండదు. మా రిఫరల్ రిజిస్టరులో ఉంటాది.

అల్లుడు: అయితే అది తల్లికి ఇవ్వండి. బీరువాలో ఎందుకు? తల్లీబిడ్డల కార్డు ఉందిగా, తల్లి చేతిలోనే ఉంటుంది.

మేనత్త: తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నువ్వెక్కడున్నావు?

అల్లుడు: విశాఖలో చదువుతున్నాను. 2018 అక్టోబరు.

మేనత్త: దానికి నాలుగేళ్ల ముందు హుద్‌హుద్. తీరంలో పాక ఎగిరిపోతే తల్లి పిల్లని ఎత్తుకుంటాదా, కార్డు ఎత్తుకుంటాదా? తరువాత టీకాలకి వచ్చిన తల్లులు అందరూ ఒక్కటే మాట, కార్డు తడిసిపోనాది మేడం. మా పుస్తకాల్లోంచి మళ్లీ ఎక్కించి ఇచ్చాం. కార్డు తల్లి దగ్గర ఉండాల, కాదనను. ఇంకోటి ఇంకో చోట కూడా ఉండాల.

అల్లుడు: మీ పుస్తకాలు మాత్రం ఎక్కడున్నాయి? అద్దె ఇంట్లో సెంటరు, ఇంటివాడు ఖాళీ చెయ్యమంటే ట్రంకుపెట్టె ఆటోలో వేసుకుని పోవడం. సగం చెదలు, సగం వాన. నీ ఎప్పటికీ అనే మాట ట్రంకుపెట్టెలో ఆరేళ్లు కూడా నిలవదు.

ఆమె దీనికి బదులివ్వలేదు. లోపలికెళ్లి ఒక పాత పుస్తకం తెచ్చింది. రిటైరైనప్పుడు పారేస్తున్నవాటిలోంచి దాచుకున్నదట. ఎదుగుదల పటాల పుస్తకం, ఆడపిల్లలది, గులాబీ రంగు అట్ట. ఒక్కో పిల్లకి ఒక్కో పేజీ. అడుగున నెలలు, పక్కన కిలోలు, మధ్యలో ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగు పట్టీలు. బాల్‌పెన్ను చుక్కలు కలుపుతూ గీత ఎక్కుతూ పోతుంది. ఒక పేజీలో ఆ గీత పది నెలల దగ్గర పసుపులోకి జారి, పదమూడో నెలకి నారింజలోకి దిగి, రెండు నెలలు అక్కడే పాకి, మళ్లీ మెల్లగా పైకి లేచింది. మార్జిన్‌లో పెన్సిలుతో వాంతులు, విరేచనాలు అని రాసుంది. దాని కింద వేరే చేతిరాత: రిమ్స్. శ్రీకాకుళం పెద్దాసుపత్రిని జనం ఇప్పటికీ పిలిచే పేరు. ఆ పిల్ల ఎవరో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు, పేరున్న చోట వేలు అడ్డం పెట్టి పట్టుకుంది.

మేనత్త: ఇది చింపుతావా?

అల్లుడు: (కొంచెంసేపు పేజీలు తిప్పి) దీన్ని చింపమని అననుగానీ, ఇంకోటి అడుగుతాను, కోప్పడకు. ఈ పేజీ చూడు. ఎనిమిది కిలోలు, ఎనిమిదిన్నర, తొమ్మిది, తొమ్మిదిన్నర. నెలకి సరిగ్గా అరకిలో. ఏ పిల్ల ఇలా పెరుగుతుంది? ఇది తూచి రాసింది కాదు, కూర్చుని రాసింది.

మేనత్త: (కాసేపాగి) ప్రాజెక్టు మీటింగుల్లో మమ్మల్ని నిలబెట్టి అడుగుతారురా. నీ సెంటర్లో తీవ్ర లోపం పిల్లలు ఆరుగురెందుకున్నారు, పక్క సెంటర్లో ఒక్కరూ లేరే? పక్క సెంటరుకి తూకం లేదు, అందుకు లేరు. వచ్చే నెలకి నా సెంటర్లోనూ ఉండరు. తూకం చెడిపోతే బాగుచెయ్యడానికి డబ్బివ్వరు, నివేదిక మాత్రం ఇరవై అయిదో తేదీకి కావాల. పదకొండు రిజిస్టర్లు. వంట చూసుకోవాల, గుంటల్ని పిలుచుకు రావాల, ఎన్నికల పనికి పోవాల.

అల్లుడు: అలాంటి అబద్ధపు అంకెల్ని నలభై ఏళ్లు కాపాడమంటావా?

మేనత్త: కాపాడమంటాను. అన్ని బరువులూ సున్నా దగ్గరో అయిదు దగ్గరో ఆగాయంటే, ఆ ఏడాది ఆ ఊళ్లో తూకం లేదని తెలుస్తాది. అది తెలియాల్సిందే. నువ్వు చింపీస్తే, అప్పుడు అంతా బాగుందనుకుంటారు.

నేను వాళ్ల మధ్యకి వెళ్లింది ఇక్కడే. ఇంగ్లండులో హెర్ట్‌ఫర్డ్‌షైర్ అనే జిల్లాలో 1911 నుంచి నర్సులు ప్రతి బిడ్డ పుట్టినప్పటి బరువు, ఏడాదికి వచ్చిన బరువు, తల్లిపాలా పోతపాలా అన్నది లెడ్జర్లలో రాశారు. ఎథెల్ మార్గరెట్ బర్న్‌సైడ్ అనే ప్రధాన నర్సు రాయించిన పద్ధతి అది. రాసినప్పుడు పిల్లల మరణాలు తగ్గించడం తప్ప వేరే ఉద్దేశం లేదు. డెబ్బై ఏళ్లకి పైగా గడిచాక డేవిడ్ బార్కర్ అనే వైద్యుడు ఆ లెడ్జర్లు పట్టుకుని, అప్పటి పిల్లలు ఏమయ్యారో వెదికించాడు. ఏడాది వయసులో బరువు తక్కువున్న మగపిల్లలు పెద్దయ్యాక గుండెజబ్బుతో ఎక్కువగా చనిపోయారని 1989లో ప్రచురించాడు. 5,654 మంది లెక్క అది. తల్లి కడుపులోనూ మొదటి ఏడాదిలోనూ జరిగినదానికి అరవై ఏళ్లకి ఫలితం కనబడుతుందన్న ఆలోచన వైద్యంలో బలపడింది ఆ పుస్తకాల వల్లే. ఏదో ఒక ఆఫీసరు బీరువా ఖాళీ చెయ్యమని ఉంటే అది లేదు.

మేనత్త: అంత దూరం ఎందుకు? హైదరాబాదు పక్కన మన పోషకాహార సంస్థవాళ్లు చేసింది లేదేటి? ట్రైనింగులో సెప్పారు మాకు. 1987 నుంచి 90 దాకా, కొన్ని ఊళ్లలో అంగన్‌వాడీ ఆహారం పెట్టారు, కొన్ని ఊళ్లకి ఇంకా రాలేదు. మొత్తం ఇరవై తొమ్మిది ఊళ్లు. పెట్టింది ఉప్మాయే, మొక్కజొన్న సోయా పిండితో. ఆ పిల్లల్ని పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య మళ్లీ ఎతికి పట్టుకుని కొలిచారు. ఉప్మా తిన్న ఊళ్లోవాళ్లు ఒకటిన్నర సెంటీమీటరు దాకా ఎత్తు ఎక్కువ. షుగరు, గుండె పరీక్షల్లోనూ వాళ్లే మెరుగు. పుట్టినప్పటి లెక్కలు లేకపోతే ఎవరు తిన్నారో, ఎవరు తినలేదో ఎలా తెలుసును?

అల్లుడు: పద్నాలుగు మిల్లీమీటర్లు. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్లో వచ్చింది. నేనూ చదివాను. కానీ అది పరిశోధన అత్తా. అందుకు వేరే మనుషులు, వేరే అనుమతులు, తాళం వేసిన గదులు. నీ ట్రంకుపెట్టె అది కాదు. పైగా పరిశోధనకి పేర్లెందుకు? అంకెలు ఉంచు, పేర్లు కొట్టెయ్.

మేనత్త: పేరు కొట్టేస్తే పదిహేనేళ్ల తరువాత ఎవర్ని ఎతుకుతావు? అంకెని ఎతుకుతావా? ఉద్దానం మన జిల్లాలోదే. కిడ్నీలు ఎందుకు పోతున్నాయో ఇన్నేళ్లయినా ఒకడూ తేల్చలేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, మందులన్నారు. పలాసలో పెద్ద ఆసుపత్రి కట్టారు. పుట్టినప్పుడు బరువు తక్కువున్నోళ్లకి కిడ్నీలో వడపోసే ముక్కలు తక్కువుంటాయని డాక్టర్లు అంటారు కదా. అయితే కవిటిలో, సోంపేటలో ఇప్పుడు మంచం పట్టినోడు పుట్టినప్పుడు ఎంత బరువున్నాడో ఎవడికి తెలుసు? ఆ కాగితం ఎవరో చింపీసారు.

అల్లుడు: లేదా ఎవరూ రాయనే లేదు.

మేనత్త: రాయకపోవడం వేరు, రాసి చింపడం వేరు.

వకీలు కాసేపు మాట్లాడలేదు. నా లెక్కలో అత్త వాదంలో ఇదే బలమైన చోటు, ఇదే బలహీనమైన చోటు కూడా. ఏదో ఒక రోజు ఎవరికో పనికొస్తుందన్న ఒక్క కారణం మీద దాచడం మొదలుపెడితే ఇక దాచకూడనిదంటూ ఏదీ మిగలదు. వకీలు తరువాత ఎత్తుకున్నది సరిగ్గా అదే.

అల్లుడు: ఒక చిత్రం చెబుతాను విను. తుడిచెయ్యాలని ఇందాక చెప్పానే, ఆ నియమం ప్రభుత్వానికీ ప్రభుత్వ సంస్థలకీ వర్తించదని అదే చట్టంలో పదిహేడో సెక్షను. చిలకపాలెం ప్లేస్కూలు తుడవాలి. బుడగట్లపాలెం అంగన్‌వాడీ తుడవక్కర్లేదు.

మేనత్త: అంటే?

అల్లుడు: అంటే ఫీజు కట్టిన పిల్లవి పోతాయి. ఫీజు కట్టలేని పిల్లవి ఉండిపోతాయి. ఎన్నాళ్లంటే ఎన్నాళ్లూ.

మేనత్త: అదెక్కడి నాయం?

అల్లుడు: నువ్వు కోరిందే కదా, ఎప్పటికీ ఉండాలని!

మేనత్త: నేను కోరింది పుస్తకంరా. పుస్తకం ఊళ్లో ఉంటాది. తల్లి వచ్చి నా పిల్లది సూపించు అంటే సూపిస్తాను. తప్పుంటే అక్కడే దిద్దుతాను. ఇప్పుడు 2021 నుంచి పోషణ్ ట్రాకర్. అంతకుముందు ఇంకో యాప్ నేర్పారు, అది మూలపడీసారు. మన రాష్ట్రానిది ఇంకోటి. ఒకే గుంట బరువు రెండు చోట్ల కొట్టాల. 2023 డిసెంబరు నుంచి మావాళ్లు నలభై రెండు రోజులు సమ్మె చేసినప్పుడు ఈ యాపుల గోల తగ్గించమన్నది కూడా ఒక కోరికే. కిందటేడాది జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకి తల్లి మొహం ఫోనుకి సూపించాల. మొహం కలవకపోతే బాలామృతం ప్యాకెట్ చేతిలో పట్టుకుని నిలబడాల. 2025 అది... అవునా? అదే. మా టీచరుకి ఆ తల్లి పుట్టినప్పటి నుంచి తెలుసు. ఫోనుకి తెలీదు!

అల్లుడు: ఆ మొహాలు ఎక్కడున్నాయి, ఎన్నాళ్లుంటాయి, ఆ తల్లిని ఎవరైనా అడిగారా?

మేనత్త: అడిగే ఉంటే నాకు తెలుసును.

అల్లుడు: సుప్రీంకోర్టు 2018 ఆధార్ తీర్పులో పిల్లలకి ఒక తలుపు తెరిచింది. తల్లిదండ్రులు చేర్పించినా, పద్దెనిమిది నిండాక వద్దనుకుంటే బయటికి రావచ్చని. నేననేది అంతే. చిన్నప్పుడు వాడి తరఫున ఎవరో సంతకం పెట్టారు. పెద్దయ్యాక వాడు అడిగితే ఇవ్వాలి, వద్దంటే తియ్యాలి. ప్లేస్కూలైనా, పోషణ్ ట్రాకరైనా.

మేనత్త: అది ఒప్పుకుంటాను. కానీ అడిగేదాకా ఉండాల కదా. నువ్వు అయిదో ఏటే చింపీస్తే పద్దెనిమిదో ఏట వాడు ఏటి అడుగుతాడు?

ఫొటోల దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ రాలేదు. సీసీ కెమెరా రికార్డింగు, వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వీడియోలు, పుట్టినరోజు కేకు ఫొటోలు వీలైనంత త్వరగా పోవాలని వకీలు అన్నాడు. అత్త ఇంకో అడుగు ముందుకేసింది. అడ్మిషన్లు జరుగుచున్నవి అని హైవే మీద కట్టే ఫ్లెక్సీల్లో ఒకదాని మీద ఉన్న పాప ఇప్పుడు హైస్కూలుకి వచ్చేసిందట. ఆ ఫ్లెక్సీ ఒక మేకల పాక మీద వాన రాకుండా కప్పి ఉందట. సగం మొహం వెలిసిపోయింది, గ్రాడ్యుయేషన్ టోపీ మాత్రం నల్లగా అలాగే ఉంది. ఆ పిల్ల రోజూ బడికి ఆ పాక ముందునుంచే వెళ్తుంది. దీనికి ఏ చట్టం ఉంది అని ఆమె అడిగితే, మేకల యజమాని మీద నోటీసు ఇవ్వలేనని వకీలు అన్నాడు.

అల్లుడు: సరే, ఆవిడకి ఏం రాసిమ్మంటావు? ఆధార్ జెరాక్సు, జీతం, కులం, ఇంటి సంగతులు, టీచరు గడి, ఇవి బడి వదిలిన వేసవిలోనే పోవాలి. ఆధార్ అసలు తీసుకోనే కూడదు. దెబ్బల పుస్తకం ఇరవై ఒకటి దాకా. అడ్మిషన్ రిజిస్టరులో ఒక్క వరస: పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, చేరిన తేదీ, వెళ్లిన తేదీ. అదీ ఇరవై ఒకటి దాకా ఉంచి ఆపెయ్యనీ.

మేనత్త: ఆ ఒక్క వరస ఎప్పటికీ ఉండాల.

అల్లుడు: ఎందుకు?

మేనత్త: వాడు ఇక్కడ ఉండేవాడని.

అల్లుడు: అది కారణం కాదత్తా.

మేనత్త: నీకు కాదు. వెరావల్ పోయి అక్కడే ఉండిపోయినోడికి, తల్లీ తండ్రీ పోయినోడికి అడుగు. మున్సబు గారి పుస్తకంలో తాత పేరు ఎతుక్కుని ఎంతమంది తాలూకా ఆఫీసుకి పోలేదు!

అల్లుడు: ఆ ఒక్క వరస దగ్గర ఆగుదాం. నువ్వు ఎప్పటికీ అను, నేను ఇరవై ఒకటి అంటాను. ఆవిడ ఇష్టం. మరి మిగతావి చింపే ముందు?

మేనత్త: చింపే ముందు తల్లుల్ని పిలవమను. బరువు, టీకాలు, మాట రాలేదు, నడక ఆలస్యం, ఇలాంటివన్నీ ఎవరివి వాళ్లకి చేతికిచ్చి పంపమను. ఊరు వదిలి పోయినోళ్లకి ఫోను చెయ్యమను. ఎవరూ తీసుకోనివి ఆ తరువాత నీ ఇష్టం వచ్చినట్టు కాల్చుకో.

అల్లుడు: బాగుంది. ఇచ్చినట్టు ఒక పుస్తకంలో సంతకం పెట్టించుకోవాలి. లేకపోతే రేపు మాకివ్వలేదంటారు.

మేనత్త: ఆ సంతకాల పుస్తకం ఎన్నాళ్లు దాస్తావు?

అల్లుడు: దానికేముంది, మూడేళ్లు చాలు.

మేనత్త: సంతకం తల్లిదేగానీ కాగితం గుంటది కదరా. నీ ఆరో సెక్షను, ఎనిమిదో సెక్షను లెక్కన ఎంతవుతాదో మళ్లీ కట్టు.